తొలకరికి ముందు పందెం: కర్నూలు, కడప పల్లెల్లో ఎద్దుల పోటీలు, ఏటి జోస్యం

కర్నూలు, కడప జిల్లాల మెట్ట పల్లెల్లో సేద్యపు సంవత్సరం జ్యేష్ఠ పూర్ణిమ నాడు, ఏరువాక పున్నమితో మొదలవుతుంది. ఏరు అంటే కాడెద్దులను పూన్చిన నాగలి. ఆ నాగలి ఏడాదిలో తొలిసారి నేలను తాకడమే ఏరువాక. ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గజ్జెల పట్టీలు కట్టి, పొంగలి తినిపించి, పొద్దు వాలేవేళకు ఊరి వాకిట కట్టిన తోరణం దగ్గరికి తోలుకొని వస్తారు. ఎద్దుకు పూజ చేయడం తెలుగు నాట అంతటా ఉన్న ఆచారమే కాని, పూజ ముగిశాక పరుగు పెట్టించి గెలుపోటములు తేల్చడం కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లోనూ, వాటిని ఆనుకొని ఉన్న బళ్ళారి, రాయచూరు సీమల్లోనూ విశేషంగా నిలిచింది. ఎవరి ఎద్దు ముందు వస్తుందన్న ప్రశ్నకూ, ఆ ఏడు వాన ఏ తీరున పడి ఏ పంట చేతికి వస్తుందన్న ప్రశ్నకూ మధ్య ఈ పల్లెలు ఒక ముడి వేశాయి. పందేనికి ముందు రెండు పక్షాల వాళ్ళూ ఒక చోట చేరి, ఎదుటి జతను తూచి చూసి, రాబోయే కాలాన్ని అంచనా కట్టే మాటల సంప్రదాయం ఆ ముడి వల్లనే బలపడింది. మూఢనమ్మకమనో, పొద్దుపోని కబుర్లనో తోసివేయడానికి వీలులేని వ్యవసాయ జ్ఞానం ఆ మాటల్లో ఉంది.

దుక్కి ఆరంభాన్ని పండుగగా జరుపుకొనే అలవాటు చాలా పాతది. విష్ణుపురాణంలో కృష్ణుడు నందునితో మాట్లాడుతూ బ్రాహ్మణులకు మంత్రయజ్ఞం, కర్షకులకు సీతాయజ్ఞం, పశువులను కాచేవారికి గిరియజ్ఞం, గోయజ్ఞం తగినవని చెప్తాడు. సీత అంటే నాగటి చాలు గనుక, సీతాయజ్ఞం చాలుకు చేసే పూజ. బౌద్ధుల నిదానకథలో శుద్ధోదనుడు తానే స్వయంగా నాగలి పట్టి దున్నిన వప్పమంగళమనే ఉత్సవం కనిపిస్తుంది. బాలుడైన సిద్ధార్థుడు నేరేడు చెట్టు కింద ధ్యానంలో కూర్చున్నది ఆ రోజే. ఇంకా వెనక్కి వెళ్తే, తుంగభద్రకు ఆవల పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ తవ్వించినప్పుడు, నవీన శిలాయుగపు మనుషులు పశువుల దొడ్లలో పేడను తగలబెట్టగా మిగిలిన బూడిద పొరలు, వాటి మధ్య పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. అనంతపురం జిల్లాలోని పాల్వాయి దిబ్బ కూడా అటువంటిదే. అంటే ఈ ఎర్ర నేలల మీద, నల్లరేగడి మీద మనిషి బతుకు పశువుతో పెనవేసుకొని నాలుగు వేల ఏళ్ళకు పైగా అవుతున్నది.

అయితే పందెం, జోస్యం కలిసిపోయిన తీరును పురాణాల కంటే వాన లెక్కలే ఎక్కువగా వివరిస్తాయి. ఈ రెండు జిల్లాల్లో ఏడాది మొత్తానికి పడే సగటు వాన సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. అది కూడా ఒక ఏడు విరుచుకుపడి మరుసటి ఏడు మొగం చాటేసే రకం. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. జూన్ రెండో వారానికి అటూ ఇటూగా వచ్చే మృగశిర కార్తెలో నేల తడిస్తే ముంగారి పైరు వేస్తారు, అది తప్పితే ఆరుద్ర కోసం చూస్తారు, అదీ తప్పితే విత్తనాన్ని హింగారికి దాచుకుంటారు. ముంగారి అంటే నైరుతి వానలకు వేసే తొలి పంట, హింగారి అంటే ఆ తరువాత నల్లరేగడిలో నిలిచిన తేమ మీద పండే పంట. ఈ రెండింటిలో దేన్ని నమ్ముకోవాలన్నదే మెట్ట రైతు ఏటా ఎదుర్కొనే పెద్ద ప్రశ్న. తప్పుగా తేల్చుకుంటే విత్తనం పోతుంది, అప్పు మిగులుతుంది, ఎద్దులు సంతకు పోతాయి.

ఎద్దులు పోవడమంటే ఏమిటో ఈ జిల్లాలకు కరువులు నేర్పాయి. 1791–92 నాటి కరువు, 1832–33 నాటి నందన కరువు, 1876–78 నాటి ధాత కరువు జనాన్నీ పశువునూ కలిపి తుడిచిపెట్టాయి. ధాత కరువు దెబ్బ కర్నూలు మీద ఎంత గట్టిగా పడిందంటే, 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఆ జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. కరువు దాటిన ఊళ్ళో మనుషులు మిగిలినా, కాడికి కట్టడానికి జత లేకపోతే వాన పడిన రోజున పొలం బీడుగానే ఉంటుంది. 1800లో నిజాము నుంచి కడపతో కూడిన దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీకి దక్కిన తరువాత, 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలంలో, విత్తనాలకూ పశువులకూ సర్కారు తకావీ అనే వ్యవసాయపు అప్పు ఇచ్చేది. రైతు దగ్గర ఎద్దు ఉంటేనే సర్కారుకు శిస్తు రాబడి ఉంటుందన్న ఎరుక దాని వెనుక ఉంది. కర్నూలు మాత్రం 1839 వరకు తన నవాబు ఏలుబడిలోనే సాగింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచనతో దత్త మండలాలకు రాయలసీమ అన్న పేరు వచ్చింది. పేరు మారినా సేద్యానికి ఆధారం కాడెద్దులే.

ఈ ఎద్దు చేయవలసిన పని కూడా సామాన్యమైనది కాదు. ఎండాకాలంలో గట్టిపడిన నల్లరేగడిని, అందులో వేళ్ళు దన్నిన గరికను లేపడానికి పెద్ద మడకను వాడేవారు. మడక అంటే ఈ సీమలో నాగలి. పెద్ద మడకకు ఒక జత చాలదు. ఒకదాని ముందు ఒకటిగా నాలుగు, ఆరు జతలు, కొన్ని చోట్ల అంతకు మించి పూన్చేవారు. అన్ని జతలు ఒక్క ఇంట్లో ఉండవు గనుక రైతులు ఒకరికొకరు ఎద్దులు బదులిచ్చుకొని దున్నేవారు, అప్పుడు ఎవరి ఎద్దు కాడిని మోస్తున్నది, ఎవరి ఎద్దు పక్కదాని మీద భారం వేస్తున్నది అందరి కళ్ళకూ కనిపించేది. దుక్కి తరువాత నేల చదును చేసి కలుపు కోసే గుంటక, వరసలుగా విత్తనం వేసే గొర్రు ఈ ప్రాంతపు మెట్ట సేద్యానికి ప్రాణం వంటివి. 1889లో కర్నూలు జిల్లా స్థితిగతుల మీద అచ్చయిన సి. బెన్సన్ నివేదిక మెట్ట సేద్యాన్ని అంత శ్రద్ధగా గమనించిన తొలి పుస్తకాల్లో ఒకటి. బావి కింద తోట ఉన్నచోట కపిల తోలేవారు: తోలుతో చేసిన పెద్ద బానను మోకుకు కట్టి బావిలోకి దించి, ఎద్దులు ఏటవాలు బాట మీద కిందికి నడిచినప్పుడు ఆ బరువుకు నీళ్ళు పైకి వచ్చే ఏర్పాటు అది. కపిల బాటలో వెనక్కి నడవడం, ముందుకు ఒక్కసారిగా బిగువు పట్టడం వచ్చిన ఎద్దు బండ లాగడంలోనూ నిలదొక్కుకుంటుందని పాత రైతుల అనుభవం.

పోటీ పుట్టింది ఈ పనుల లోపలే. ఒక మడకకు కట్టిన ఆరు జతల్లో ఏది మేలో పోల్చి చూడడం, కపిల బావి దగ్గర ఎవరి జత ఎక్కువ బానలు తోడిందో లెక్కపెట్టడం, నాపరాతి బండల బండి గుట్ట ఎక్కేటప్పుడు ఏ ఎద్దు మోకాలు వంచలేదో చెప్పుకోవడం, ఇవే పండుగనాడు పందెంగా మారాయని భావించడం సమంజసం. బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో నాపరాయి పలకలు పలకలుగా దొరుకుతుంది గనుక, బండ అన్నది ఇక్కడి ఎద్దుకు పండుగనాడే ఎదురైన వస్తువు కాదు.

ఏరువాక పున్నమి పరుగు విషయానికి వస్తే, ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు బళ్ళారి జిల్లాలో భాగాలుగా ఉండేవన్న సంగతి గుర్తుంచుకోవాలి. బళ్ళారి మైసూరుకు పోయింది, ఈ తాలూకాలు తెలుగు రాష్ట్రంలో కలిసి, అదే రోజున రాజధాని అయిన కర్నూలుకు చెందాయి. ఆచారం మాత్రం గీత గీసిన చోట తెగలేదు. కన్నడ నాట అదే జ్యేష్ఠ పూర్ణిమను కార హుణ్ణిమె అంటారు. ఊరి వాకిట అడ్డంగా కట్టిన తోరణాన్ని అలంకరించిన ఎద్దులు పరుగున వచ్చి తెంపాలి. తెల్ల ఎద్దు ముందుగా దాటితే హింగారి జొన్న బాగా పండుతుందని, ఎర్ర ఎద్దు దాటితే ముంగారి పైర్లకు మేలని అక్కడి నమ్మకం. సరిహద్దుకు ఈవలి పల్లెల్లో కూడా తెల్లది గెలిస్తే జొన్న, పత్తి వంటి తెల్ల పంటలకూ, ఎర్రది గెలిస్తే ఎర్ర పంటలకూ ఆ ఏడు కలిసి వస్తుందని చెప్పుకుంటారు. తెలుగు నాట మరికొన్ని చోట్ల గోగునారతో పేనిన తోరణాన్ని రైతులు చర్నాకోలలతో కొట్టి, రాలిన పీచును ఎవరికి దొరికినంత వారు తీసుకుపోయి, ఎద్దుల మెడలోనూ నాగలికీ కట్టుకుంటారు. చర్నాకోల అంటే పొడవాటి కొరడా.

ఈ పరుగు వల్ల వాన వస్తుందని ఎవరూ అనలేదు. వచ్చే వాన ఎవరికి ఉపకరిస్తుందో చెప్పుకోవడానికి పరుగు ఒక సందర్భమైంది. అందుకే పందేనికి ముందు జరిగే సంభాషణకు అంత విలువ. తెల్ల ఎద్దు పక్షం వాడు ఎర్ర ఎద్దు యజమానిని పలకరించి, నీ ఎద్దు ఎండాకాలం మేత ఎక్కడ మేసింది, ఏ చెరువులో నీళ్ళు తాగింది, దుక్కికి ఎన్నాళ్ళు కట్టావు అని అడుగుతున్నాడంటే, తనకు తెలియని మరో పొలిమేర కబురు రాబడుతున్నాడన్న మాట. ఎద్దు డొక్కలు నిండుగా ఉంటే ఆ వైపు చొప్ప మిగిలిందని అర్థం. చొప్ప మిగిలిందంటే నిరుటి జొన్న పండిందని, అక్కడి రైతు ఈ ఏడు విత్తనానికి అప్పు చేయనవసరం లేదని తెలుస్తుంది. గిట్టలు అరిగి ఉంటే బండి బాడుగలకు పోయిందని, అంటే ఆ ఇంట్లో చేను పని కంటే రాళ్ళు తోలే పని ఎక్కువైందని ఊహించవచ్చు. సొంత ఊరివాడు సొంత ఎద్దు గురించి చెప్పే గొప్పలకంటే ఎదుటి పక్షం వాడు ఒప్పుకొని చెప్పిన ఒక్క మాటకు ఎక్కువ నమ్మకం ఉండడం సహజం, ఎందుకంటే అతనికి పొగడవలసిన అవసరం లేదు.

ఎద్దును పరీక్షించే పద్ధతికి ఒక శాస్త్రమంత విస్తృతి ఉంది. మొదట పళ్ళు చూస్తారు. పాలపళ్ళ దూడ, రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది, నోరు కలిసినది అని వయసును పళ్ళతోనే చెప్పడం రివాజు. నోరు కలిసినదంటే ఎనిమిది పళ్ళూ వచ్చి పూర్తి వయసుకు చేరిన ఎద్దు. తరువాత మూపురం, గంగడోలు, ఛాతీ వెడల్పు, కాలి సందులు, తోక పొడవు చూస్తారు. ఒంటి మీద వెంట్రుకలు తిరిగిన సుళ్ళు ఎక్కడున్నాయో వెతికి, కొన్నిటిని శుభమని, కొన్నిటిని ఇంటికి చేటని లెక్కిస్తారు. కాడిలో ఎడమ వైపు కట్టేది దాపటి ఎద్దు, కుడి వైపుది వెలపటి ఎద్దు. రెండూ సమానంగా ఉంటే చాలదు, ఏది ఏ వైపుకు అలవాటు పడిందో తెలియాలి, ఎందుకంటే వైపు మార్చి కట్టిన మంచి ఎద్దు కూడా కాడిలో తడబడుతుంది. ఈ పరీక్ష అంతా బాహాటంగా జరిగేది సంతల్లో. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ప్రతి జనవరిలో సాగే పశువుల సంతకు తెలుగు, కన్నడ జిల్లాల రైతులు వస్తారు. అక్కడ దళారులు తువాలు కింద చేతులు దాచి, వేళ్ళు పట్టుకొని ధర తేల్చుకునే బేరం పైకి వినిపించదు కాని, కొనేవాడూ అమ్మేవాడూ ఎద్దు తప్పులను బయటికి పలికే వాదన మాత్రం చుట్టూ గుమిగూడిన అందరికీ పాఠమే. ఏరువాక నాటికి పోటీదారుల గురించి ఊళ్ళో తిరిగే సమాచారంలో చాలా భాగం ఈ సంతలో పోగైనదే.

పోటీని, కాలజోస్యాన్ని ఒక్క చోటికి చేర్చిన సందర్భం ఏరువాక ఒక్కటే కాకపోవడం ఈ సీమ ప్రత్యేకత. ఉగాది నాడు గుడిలోనో చావడిలోనో పంచాంగ శ్రవణం జరుగుతుంది; ఆ ఏటి రాజెవరు, మంత్రి ఎవరు, సస్యాధిపతి ఎవరు, వాన ఎన్ని పాళ్ళు, ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అన్నది పురోహితుడు చదివి వినిపిస్తాడు. కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలోని కైరుప్పలలో ఉగాది మరునాడే ఊరు రెండుగా చీలి, వీరభద్రస్వామి పక్షమొకటి, భద్రకాళి పక్షమొకటిగా నిలిచి, ఒకరి మీద ఒకరు పిడకలు విసురుకుంటారు. దేవతల పెళ్ళి విషయంలో వచ్చిన అలకను ఆ పోరు గుర్తు చేస్తుందని కథ. పోరు ముగిశాక రెండు పక్షాలూ కలిసి స్వామికి, అమ్మవారికి పెళ్ళి జరిపిస్తాయి. నవీన శిలాయుగంలో పేడ దిబ్బలు కాలిన సీమలోనే పిడకల పోరు మిగిలి ఉండడం చరిత్రకారుడు గమనించదగిన సంగతి, అయితే రెంటినీ నేరుగా కలిపే గొలుసు తెగిపోయింది గనుక అంతకు మించి చెప్పకూడదు.

హొళగుంద మండలంలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవం ఇంకా తీవ్రమైనది. కొండ మీద మాళమ్మ, మల్లేశ్వరస్వాములకు కల్యాణం జరిగాక, ఉత్సవ విగ్రహాలను దక్కించుకోవడానికి నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒక పక్షంగా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మరో పక్షంగా కర్రలు, దివిటీలు పట్టుకొని చీకట్లో తలపడతారు. తలలు పగులుతాయి, కొన్నేళ్ళలో ప్రాణాలు కూడా పోయాయి, పోలీసు బలగాలను దించినా ఆగలేదు. ఆ హింసను సంప్రదాయం పేరుతో సమర్థించడం సాధ్యం కాదు. కాని ఆ రాత్రి చివర జరిగేదాన్ని చాలామంది గమనించరు: ఊరేగింపు బసవన్న గుడికి చేరాక పూజారి భవిష్యవాణి చెప్తాడు, పత్తి ధర, జొన్న ధర ఎలా ఉంటాయో, వాన ఎటు కురుస్తుందో పలుకుతాడు. రాత్రంతా కొట్టుకున్న రెండు పక్షాలూ ఆ మాటను పక్కపక్కన నిలబడి వింటాయి. కర్ణాటకలో హూవిన హడగలి దగ్గరి మైలారంలో గొరవయ్య అనే ఆరాధకుడు నిలువెత్తు విల్లు ఎక్కి పలికే కారణికమనే భవిష్యవాణి కూడా ఈ కుటుంబానికి చెందినదే. దేవరగట్టు మల్లేశ్వరుడూ, మైలారలింగడూ ఒకే ఆరాధనా సంప్రదాయపు శాఖలు.

కడప వైపున ఈ బంధం ఇంకొక రూపంలో కనిపిస్తుంది. కాలజ్ఞానం చెప్పిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాచాడని, రవ్వలకొండ మీద ఆవులను గీత గీసి నిలిపి, గుహలో కూర్చొని తాటాకుల మీద భవిష్యత్తు రాశాడని సంప్రదాయం చెప్తుంది; తరువాత ఆయన కడప జిల్లా కందిమల్లాయపల్లెకు చేరి అక్కడే సజీవ సమాధి అయ్యాడు. పశువుల కాపరే జోస్యం చెప్పేవాడు కావడం యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం. మందను కాచేవాడు ఆకాశాన్నీ, గాలినీ, గడ్డినీ రోజంతా చూస్తాడు; రేపు మంద ఎటు పోవాలో ఇవాళే నిర్ణయించుకోవాలి. ముందుచూపు అతని వృత్తిలోనే ఉంది, సంప్రదాయం దానికి దైవత్వం కల్పించింది.

ఇక నేడు రెండు జిల్లాల్లోనూ అందరికీ తెలిసిన పోటీ బండలాగుడు. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఊరి తిరునాళ్ళు దీనికి కాలం. తొమ్మిది నందుల క్షేత్రాలు చుట్టూ ఉన్న నంద్యాల ప్రాంతంలో, ముఖ్యంగా మహానందిలో శివరాత్రి వేళ జరిగే పోటీలకు కోస్తా జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి కూడా జతలు వస్తాయి. నియమాలు స్పష్టంగా ఉంటాయి: నిర్ణీత బరువున్న బండను, నిర్ణీత నిమిషాల్లో, గీసిన బరిలో ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుతూ ఎక్కువ అడుగులు లాగిన జత గెలుస్తుంది, వేల అడుగుల లాగుడులో కూడా గెలుపు కొన్నిసార్లు అంగుళాల తేడాతో తేలుతుంది. పళ్ళను బట్టి విభాగాలుంటాయి గనుక పాలపళ్ళ కోడె ఆరు పళ్ళ ఎద్దుతో తలపడవలసిన పని లేదు. రైతు సంతలో ఎద్దు నోరు తెరిచి చూసే పాత పరీక్షనే పోటీ నిర్వాహకులు నిబంధనగా మార్చారు.

ఈ బరుల్లో కనిపించేవి ఎక్కువగా ఒంగోలు జాతి ఎద్దులు. గుండ్లకమ్మ పరిసరాల్లో పుట్టి పెరిగిన ఈ జాతి 19వ శతాబ్దం ద్వితీయార్ధం నుంచి బ్రెజిల్‌కు చేరి, నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలిపించుకొని, అక్కడి పశుసంపదలో అతిపెద్ద భాగమైంది. అక్కడ దాన్ని మాంసం కోసం పెంచుతారు. ఇక్కడ దాని బలాన్ని బండ మీద కొలుస్తారు. పోటీ జతకు ఉలవలు ఉడకబెట్టి పెట్టడం, పత్తి గింజలు నానబెట్టి పెట్టడం పాత పద్ధతి. ఖర్జూరాలు, కోడిగుడ్లు ఈ కాలపు చేర్పు. బరి పక్కన బండరాళ్ళ మీద కూర్చున్న ముసలి రైతులు తమ ఊరి జత వంతు రాకముందే ఎదుటి ఊరివాళ్ళతో కలిసి లెక్క వేస్తారు: వెలపటిది మొదటి రెండు తిప్పుల్లో ఊపు చూపుతుంది గాని ఎండెక్కితే నిలబడదు, దాపటిది నెమ్మదిగా కదిలినా చివరి నిమిషంలో కాడిని వదలదు. ఊరి పేరు మీద కక్షలు తరాల పాటు సాగిన సీమలో, ఎదుటి ఊరివాడి ఎద్దును అతని ముందే మెచ్చుకోగల చోటు బండలాగుడు బరి. ఆ మెప్పు చిన్న విషయం కాదు.

పోటీకి ముందు ఎదుటి పక్షపు అభిమానిని కూర్చోబెట్టి మాట్లాడించడం ఇతర దేశాల్లోనూ ఉంది. అమెరికాలో కళాశాలల ఫుట్‌బాల్, 1869 నవంబరు 6న రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థుల మధ్య జరిగిన ఆటతో మొదలైందని లెక్కిస్తారు, ఇప్పుడు ప్రతి ఏటా ఆగస్టు ఆఖరులో కొత్త సీజను ఆరంభమయ్యే ముందు ఒక విశ్వవిద్యాలయపు అభిమానులు మరో విశ్వవిద్యాలయపు అభిమానులను అడిగి, వాళ్ళ జట్టులో కొత్తగా చేరినవారెవరు, దెబ్బ తగిలినవారెవరు అని ఆరా తీస్తారు. ఆ దేశంలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు అది పరిచయమైన దృశ్యమే. సొంత జట్టు మీది ప్రేమ చూపును మసకబారుస్తుందని, ఎదుటివాడిని అడిగితేనే సరైన అంచనా దొరుకుతుందని అక్కడివాళ్ళూ గ్రహించారు. అయితే అక్కడి అంచనా ఆటతో ముగుస్తుంది. ఏరువాక నాటి అంచనా ఆటను దాటి విత్తనపు గాదె వరకు పోయేది.

ఈ పల్లెల ఆచారాన్ని మార్చినవి రెండు. ఒకటి ట్రాక్టరు. అంతకు ముందే కరెంటు మోటారు కపిలను మూలన పడేసింది. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించి, 1882లో ప్రభుత్వం కొన్న కె.సి. (కర్నూలు–కడప) కాలువ కింది పల్లెల్లో సేద్యం తీరు ఎప్పుడో మారింది. దుక్కికి, బండికి, కల్లానికి యంత్రం వచ్చాక సామాన్య రైతు దొడ్డి ఖాళీ అయింది, ఎద్దు స్థోమత గలవాళ్ళు పోటీ కోసమే పెంచే జీవిగా మిగిలింది. దున్నని ఎద్దు గెలిచిందంటే ఆ గెలుపు పొలం గురించి ఏమీ చెప్పదు. జోస్యానికి ఆధారమైన బంధం అక్కడే తెగింది. రెండవది చట్టం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద, 2011 జూలై 11న కేంద్రం ఎద్దులను ప్రదర్శనకు ఉపయోగించకూడని జంతువుల జాబితాలో చేర్చింది; 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించింది; ఆ తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణ చట్టాలను 2023 మే 18న అదే న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ముల్లుకర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం ఏ సంప్రదాయంలోనూ భాగం కాదు, కారాదు. పని ఎద్దును తిండి పెట్టే బిడ్డగా చూసుకున్న రైతు దాన్ని ఎన్నడూ ఒప్పుకోడు.

పోటీలు ఏదో ఒక రూపంలో సాగుతాయి, వాటిలో ప్రేక్షకులకు, బహుమతులకు కొదవ లేదు. తరిగిపోతున్నది బరి పక్కన కూర్చొని ఎదుటి ఊరి ఎద్దును చూసి వానను, మేతను, పంటను చదవగలిగిన మనుషులు. 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియత్తులనే గ్రామ వృత్తాంతాలు రాయించబట్టి కడప జిల్లా గ్రామాల పాత చరిత్ర కొంతైనా దక్కింది. ఎద్దుల పరీక్షా పద్ధతులకు, సుళ్ళ పేర్లకు, కార్తెల సామెతలకు, ఏరువాక పరుగుల జ్ఞాపకాలకు అటువంటి ప్రయత్నం ఇప్పుడు కావాలి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం తమ విద్యార్థులను వచ్చే జ్యేష్ఠ పూర్ణిమకే ఆదోని, ఆలూరు, జమ్మలమడుగు పల్లెలకు పంపి, డెబ్బై ఏళ్ళు దాటిన రైతుల మాటలను వారి యాసలోనే నమోదు చేయించాలి.